పోలీసు ఫైల్లో మిగిలిన కరపత్రం

ఈ వారం ఒక గ్రంథాలయ సభలో పెద్దాయనొకరు అన్న మాట ఇంకా మనసులో మెదులుతూనే ఉంది. "పుస్తకాలకే చోటు లేదు, ఈ ఒంటి కాగితాలకు బీరువాలెందుకండీ?" అన్నారాయన. ఆ పక్కనే పురికొసతో బిగించిన కట్టలున్నాయి, తూకానికి వెళ్లేవి. కరపత్రం మాటెత్తితే నేను ఊరుకోనని ఈ కాలమ్ చదివేవారికి తెలుసు. పుస్తకం రేపటి పాఠకుడి కోసం రాస్తారు, కరపత్రం ఈ సాయంత్రం కోసం రాస్తారు. ఆనాటి మనిషికి ఏం ఆశ చూపారో, వాణ్ణి ఎలా బెదిరించారో అందులో పచ్చిగా దొరుకుతుంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు ఫ్రాన్సిస్ జెంకిన్సన్‌కు ఇది తెలుసు. మొదటి ప్రపంచయుద్ధం ఇంకా సాగుతుండగానే ఇలాంటి చిల్లర కాగితాలను పోగుచేయించారు. ఆ సేకరణ నేటికీ అక్కడ ఉంది.

యుద్ధ కరపత్రాల్లో పనితనం చూడాలి. 1939 సెప్టెంబరు 3న, యుద్ధం ప్రకటించిన రాత్రే, బ్రిటిష్ విమానాలు జర్మనీ మీద బాంబులకు బదులు లక్షలాది కరపత్రాలు వదిలాయి. మొదట్లో కట్టలు విప్పి చేత్తో కిందికి తోసేవారు. అవి గాలికి ఎటో కొట్టుకుపోయేవి. తర్వాత జేమ్స్ మన్రో అనే అమెరికన్ సైనికాధికారి అట్టగొట్టంతో ఒక బాంబు తయారుచేశాడు. ఒక్కోదానిలో 80,000 కాగితాలు పట్టేవి. నేలకు దగ్గరపడ్డాకే అది విచ్చుకునేది కాబట్టి అనుకున్న చోటే రాలేవి. లొంగిపోయే జర్మన్ సైనికుడి కోసం వేసిన అభయపత్రం ఇంకా గొప్ప పని. సర్కారు కాగితమంటే ఆ సైనికుడికి ఉన్న గురిని కనిపెట్టి, దాన్ని కరెన్సీ నోటంత శ్రద్ధగా అచ్చువేశారు. అమెరికా, బ్రిటన్ల అధికార చిహ్నాలు, కింద మిత్రసేనల అధిపతి ఐజన్‌హోవర్ సంతకం. ఉపన్యాసం ఒక్క ముక్క లేదు. ఇది చూపినవాడి ఆయుధం తీసుకోండి, తిండి పెట్టండి, వైద్యం చేయించండి, అంతే. అలాంటి పత్రం మడత లేకుండా దొరికిందంటే అది ఏ సైనికుడి జేబులోనూ దాగలేదన్నమాట.

వైట్ రోజ్ అనే బృందంలోని పిల్లల సంగతి చెప్పకుండా ఇక్కణ్ణుంచి కదలలేను. 1942 వేసవిలో మ్యూనిక్‌లో హాన్స్ షోల్, అలెగ్జాండర్ ష్మోరెల్ అనే ఇద్దరు వైద్య విద్యార్థులు హిట్లర్‌కు వ్యతిరేకంగా కరపత్రాలు రాశారు. టైపుచేసి, చేతియంత్రం మీద ప్రతులు తీసి, టెలిఫోన్ డైరెక్టరీలో చిరునామాలు ఏరి టపాలో పంపారు. మొదటిది సుమారు 100 ప్రతులు. వాటిలో మూడోవంతు దాకా హిట్లర్ రహస్య పోలీసులు గెస్టపో చేతికి చేరాయి. చేర్చింది అందుకున్నవాళ్లే. 1943 ఫిబ్రవరి 18న హాన్స్, చెల్లెలు సోఫీ కలిసి విశ్వవిద్యాలయంలో ఆరో కరపత్రం పంచారు. మిగిలిన ప్రతులను సోఫీ పై అంతస్తు నుంచి కిందికి తోసింది. అక్కడి కాపలా ఉద్యోగి చూసి పట్టించాడు. నాలుగు రోజులకు విచారణ, ఆ సాయంత్రమే గిలటిన్. సోఫీకి 21 ఏళ్లు. ఆ ఆరో కరపత్రం ప్రతి ఒకటి మాత్రం హెల్ముట్ ఫాన్ మోల్ట్కే అనే జర్మన్ చేతుల మీదుగా నార్వే చేరి, అటునుంచి బ్రిటన్ వెళ్లింది. ఆ ఏడాదే దాన్ని మళ్లీ అచ్చువేసి బ్రిటిష్ విమానాల నుంచి జర్మనీ మీద వదిలారు. శత్రువు విమానం నుంచి పడ్డది కనుక దాన్ని యుద్ధప్రచారం అనాల్సిందే. అందులో ఉన్నది మాత్రం ప్రాణమిచ్చి చెప్పిన నిజం.

ఆ కాగితాలు, వాటి చుట్టూ జరిగిన కథ ఇంత వివరంగా మనకు అందడంలో గెస్టపో ఫైళ్ల పాత్ర పెద్దది. జనం భయపడి తెచ్చిచ్చిన వాటిని పోలీసులు వాంగ్మూలాలతో కలిపి భద్రపరిచారు. ఏళ్ల తరబడి తూర్పు జర్మనీ చేతిలో ఉన్న విచారణ పత్రాలు ఆ దేశం పోయాకే పరిశోధకులకు అందాయి. మన దగ్గరా ఇదే జరిగింది. బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించి లాక్కున్న కరపత్రాలు, పాటల పుస్తకాలు, తెలుగువి సహా, లండన్ బ్రిటిష్ లైబ్రరీలోనూ ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లోనూ ఉన్నాయి. ఇష్టపడి చదివినవాళ్లలో ఎందరో సోదాలకు జడిసి పొయ్యిలో వేసి ఉంటారు.

అన్నీ దాచండి అని ఆ పెద్దాయనకు జవాబు రాయాలని కూర్చున్నాను. ఇంత దూరం వచ్చాక ఆయనకు సగం ఒప్పుకోవాలనే ఉంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియని కరపత్రానికి ఒక్క ప్రతి చాలు, ఒకే రకం కట్టలు పోతే పోనివ్వండి. ఆ చోటు, ఆ శ్రమ రిజిస్టరుకు ఇవ్వండి. ఈ కాగితం ఎవరికి దొరికింది, ఎక్కడ దాచారు, ఎవరు పట్టిచ్చారు అన్నది రాసుకోని గ్రంథాలయంలో పంచినవాడి మాట మాత్రమే మిగులుతుంది. పోలీసు తన అవసరం కోసం ఆ వివరం రాసుకున్నాడు, మనం చరిత్ర కోసమైనా రాసుకోవద్దా?

పాఠకులకూ ఒక మనవి. మీ ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున 1942 నాటిదో, 1948 నాటిదో, 1969 నాటిదో కరపత్రం ఉంటే, అది ఇంట్లోకి ఎలా వచ్చిందో పెద్దవాళ్లను అడిగి, వేరే కాగితం మీద పెన్సిలుతో రాసి దానితో కలిపి ఉంచండి. మడతలు సరిచేద్దామని ఇస్త్రీ పెట్టకండి. లామినేషన్ అసలే వద్దు.