మాట పడ్డవాడి పగ

పాతికేళ్ల కిందట నేనో పగ కథ రాశాను. భూమి పోగొట్టుకున్న రైతు పదేళ్లు కాచుకుని వడ్డీ వ్యాపారిని చంపుతాడు. పొలం పోయింది, భార్య పోయింది, కొడుకు ఊరొదిలి వెళ్లిపోయాడు. ఇలా కారణాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయాను. కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరైన మా పెదనాన్న ఆ కథ చదివి, "ఇన్ని కష్టాలొస్తే మనిషి కుంగిపోతాడురా. చంపాలంటే ఇంకోటేదో కావాలి. ఆ వడ్డీవాడు నలుగురిలో ఇతన్ని ఏమన్నాడో రాశావా?" అని అడిగారు. రాయలేదు. ఆ సంగతి నాకు తట్టనేలేదు.

పగ కథ రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఆ ప్రశ్న ముందుకొస్తుంది. ఎడ్గార్ ఎలన్ పో 1846లో అచ్చువేసిన 'ద కాస్క్ ఆఫ్ అమాంటిలాడో' కథ మళ్లీ తీస్తాను. మాంట్రెసార్ అనే పెద్దింటి మనిషి, ఉత్సవం రోజున విదూషకుడి వేషంలో ఉన్న ఫార్చునాటోకు ద్రాక్షసారా ఆశ చూపించి నేలమాళిగలోకి తీసుకెళ్తాడు. గోడకు గొలుసుతో బంధించి, రాయి మీద రాయి పేర్చి, బతికుండగానే సమాధి చేస్తాడు. ఎన్ని దెబ్బలైనా ఓర్చుకున్నాను, అవమానించాక మాత్రం ఊరుకోలేకపోయానని మొదట్లోనే చెబుతాడు. ఆ అవమానమేమిటో మాత్రం కథ ముగిసేదాకా చెప్పడు. పో పనితనం ఇక్కడే ఉంది. అవమానం పేరు పెడితే, ఆ మాత్రానికే చంపాలా అని మనం తూకం వేస్తాం. పేరు పెట్టకపోయేసరికి మనం పడ్డ మాటలే గుర్తొస్తాయి.

తెలుగులో దెబ్బ తింటాం, మాట 'పడతాం'. పడ్డ మాట ఒంటి మీదే ఉండిపోతుంది. అప్పు, మొక్కు, రుణం, దాహం తీర్చుకున్నట్టే పగనూ 'తీర్చుకుంటాం'. తనకు బాకీ ఉందని, చెల్లింపు జరిగితేనే నిద్ర పడుతుందని పగబట్టినవాడు నమ్ముతాడు. అతని మనసుకు ఇంతకంటే దగ్గరి మాట నాకు దొరకలేదు.

పెదనాన్న కోర్టులో విన్నదానికి, పో కల్పించినదానికి మధ్య దారి నాకు బస్తర్‌లో దొరికింది. భద్రాచలం నుంచి చింతూరు, కొంటా, సుక్మా దాటితే జగదల్‌పూర్. ఒకప్పటి బస్తర్ సంస్థానానికి రాజధాని అదే. 1940ల మొదట్లో మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ఇక్కడ పనిచేశారు. ఇంద్రావతికి దక్షిణాన, దంతేవాడ చుట్టుపక్కల ఉండే మరియా తెగవాళ్లు నాట్యంలో అడవిదున్న కొమ్ముల తలపాగా పెట్టుకుంటారు. వాళ్ల మధ్య జరిగిన 100 హత్యలు, 50 ఆత్మహత్యల కేసులను ఎల్విన్ పరిశీలించారు. ఆ పుస్తకం, 'మరియా మర్డర్ అండ్ సూసైడ్', 1943లో వచ్చింది.

అందులో తాగుడు ఉంది, ఇంటి తగాదాలున్నాయి, ఆడామగా మధ్య అనుమానాలున్నాయి, చేతబడి భయం ఉంది, పగ ఉంది. రోజంతా చాకిరీ చేసి ఒళ్లు హూనమైన వేళ పెల్లుబికిన కోపమూ ఉంది. తిట్టు భరించలేక చేసిన హత్యలకు ప్రత్యేకంగా చోటిచ్చారు. చాలావరకు క్షణికావేశంలో జరిగినవే. చేసింది దాచకుండా ఒప్పుకున్నవాళ్లు ఎందరో. గోథిక్ కథల్లో పాడుబడ్డ కోటే మనుషుల్ని చెడగొడుతున్నట్టు ఉంటుంది. బస్తర్ గురించి రాసేవాళ్లూ తరచూ అడవిని అలాగే చూపిస్తారు, చీకటిగా ఉంది కాబట్టి రక్తం పారిందన్నట్టు. ఎల్విన్ ఆ పని చేయలేదు. ప్రతి కేసులోనూ ఒక మనిషి నొచ్చుకున్న చోటు వెతికారు. కథ రాసేవాడు నేర్చుకోవాల్సింది అదే.

మహాభారతం సౌప్తిక పర్వంలో అశ్వత్థామ చేసిందీ ఈ వెలుగులోనే నాకు అర్థమైంది. ఆయుధం వదిలేసిన అతని తండ్రి ద్రోణుణ్ని ధృష్టద్యుమ్నుడు జుట్టు పట్టి తల నరికాడు, రెండు సేనలూ చూస్తుండగా. చావు కంటే ఆ జుట్టు పట్టడమే అశ్వత్థామను కాల్చింది. అందుకే రాత్రి శిబిరంలో ధృష్టద్యుమ్నుడు ఆయుధంతో చంపమని వేడుకున్నా వినలేదు, కాళ్లతో తొక్కి చంపాడు. పడ్డ అవమానాన్ని అవమానంతోనే తిరిగిచ్చాడు. ఆ రాత్రి సంహారం ముగిశాక, కొన ఊపిరితో ఉన్న దుర్యోధనుడి దగ్గరికి పరుగెత్తాడు. చెప్పాలి కదా.

మాంట్రెసార్ కూడా చెబుతాడు, యాభై ఏళ్ల తర్వాత. పగ తీర్చుకుంటున్నది ఎవరో, ఎందుకో ఎదుటివాడికి తెలియాలన్నది అతను పెట్టుకున్న నియమం. ఫార్చునాటో మాత్రం గోడ లేస్తున్నప్పుడు ఇదేదో వేళాకోళమనే పట్టుకుని వేలాడతాడు. తన తప్పేమిటో తెలిసినట్టు ఒక్క మాట అనడు. బాకీ వసూలు కాలేదు. తీరిన పగైతే ముసలితనంలో ఎవరినో కూర్చోబెట్టుకుని చెప్పుకోవాల్సిన పనేముంది? మాట పడ్డవాడికి కావలసింది చావు కాదనిపిస్తుంది నాకు. "నీకు అన్యాయం జరిగింది" అనే ఒక గొంతు కావాలి. అది దొరకక చంపుతాడు, చంపాకా దాన్నే వెతుక్కుంటాడు.

నా పాత కథను ఈ మధ్య తిరగరాశాను. భార్య చావు, కొడుకు ప్రయాణం తీసేశాను. రచ్చబండ దగ్గర వడ్డీ వ్యాపారి అన్న మాట ఒక్కటి పెట్టాను. అది రాశాక, పక్కన నిలబడ్డ నలుగురూ కనపడ్డారు. ఒకడు నవ్వాడు, ఇద్దరు తలదించుకున్నారు, ఇంకొకడు చుట్ట వెలిగించుకున్నాడు. హత్య ఒక్క వాక్యంలో అయిపోయింది. ఆ నలుగురి గురించే ఆరు పేజీలు రాశాను.