జార్ల రష్యాకి ఏ దారిన వెళ్దాం?

ఇవాళ్టి రష్యాలో బాగా అమ్ముడుపోయే కాలక్షేపం నవలల్లో ఒక రకం ఉంది. ఈ కాలపు మగవాడు ఏ ప్రమాదంలోనో స్పృహ తప్పుతాడు. కళ్ళు తెరిచేసరికి జార్ చక్రవర్తుల కాలంలో ఉంటాడు. ఇలాంటివాళ్ళని అక్కడ 'పొపదాంత్సీ' అంటారు. అనుకోకుండా వచ్చి పడ్డవాళ్ళు అని అర్థం. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక, ముఖ్యంగా 2000 తర్వాత, ఈ నవలలు గుట్టలుగా వచ్చాయి. కథానాయకుడు చాలాసార్లు సైనికుడో ఇంజనీరో అయివుంటాడు. జరగబోయేదంతా అతనికి ముందే తెలుసు. 1904-05లో జపాన్ చేతిలో ఓటమిని తప్పించడం, విప్లవం రాకుండా చూడడం, సామ్రాజ్యాన్ని నిలబెట్టడం అతని సాహసకృత్యాలు.

సరదా పుస్తకాలే కదా అని వదిలేయవచ్చు. కానీ చరిత్రను సరిదిద్దే హక్కు ఎవరి చేతికి ఇస్తున్నారన్నది సరదా విషయం కాదు. అదే 1902లోకి ఒక స్త్రీని పంపి చూద్దాం. ఆమె మొదటి మలుపులోనే ఆగిపోతుంది. ఆనాటి రష్యాలో ఊరు దాటి వెళ్ళి బతకాలంటే దేశం లోపల కూడా పాస్‌పోర్టు కావాలి. పెళ్ళయిన స్త్రీకి భర్త అనుమతి లేనిదే విడిగా పాస్‌పోర్టు ఇవ్వరు. ఈ నిబంధన 1914లో గాని సడలలేదు. భార్య భర్తకు అపరిమితమైన విధేయత చూపాలని చట్టంలోనే రాసి ఉంది. శతాబ్దాలు దాటి రాగలిగిన స్త్రీ, భర్త సంతకం లేక పక్క పట్నానికి పోలేదన్నమాట!

అందుకేనేమో, సాహిత్యంలో కాలయానం కూడా ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరువేరు రూపాల్లో దొరికింది. 1895లో హెచ్.జి. వెల్స్ తన కథానాయకుడికి ఒక యంత్రమే ఇచ్చాడు. అతను వెళ్ళి, చూసి, తిరిగొచ్చి స్నేహితులకి కథ చెప్తాడు. అంతకు ముందే 1863లో చెర్నిషేవ్‌స్కీ జైల్లో కూర్చుని రాసిన 'ఏం చేయాలి?' నవలలో వేరా పావ్లోవ్నా భవిష్యత్తును చూసింది కలలో. 1905లో బెంగాల్ నుంచి రొకేయా సఖావత్ హుస్సేన్ రాసిన 'సుల్తానాస్ డ్రీమ్'లో సుల్తానా చూసిందీ కలలోనే. మగవాడికి యంత్రం, ఆడదానికి కల. ఆక్టేవియా బట్లర్ 1979లో రాసిన 'కిండ్రెడ్'లో డానా అనే నల్లజాతి స్త్రీ నిజంగానే బానిసత్వ కాలానికి వెళ్తుంది. కానీ వెళ్ళాలనుకుని వెళ్ళదు, ఆ కాలమే ఆమెను లాక్కుపోతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఒక చేయి పోగొట్టుకుంటుంది. గతం స్త్రీకి విహారయాత్ర కాదని ఇంత కటువుగా చెప్పిన నవల మరొకటి నాకు తెలియదు. మన 'ఆదిత్య 369' (1991) సినిమాలో కూడా యంత్రం ప్రొఫెసరుది, సాహసం కథానాయకుడిది. ప్రొఫెసరు కూతురు హేమ పక్కన ప్రయాణిస్తుంది.

తెలుగు పాఠకులు యంత్రమూ కలా లేకుండానే జార్ల రష్యాకి ఎప్పుడో వెళ్ళొచ్చారు. తీసుకెళ్ళింది క్రొవ్విడి లింగరాజు అనువదించిన గోర్కీ 'అమ్మ'. 1902 మే డే నాడు సొర్మోవోలో కార్మికులు జరిపిన ప్రదర్శన, అక్కడ జెండా మోసి అరెస్టయిన ప్యోత్ర్ జలోమొవ్, అతని తల్లి అన్నా జలోమొవా ఆ నవలకు ఆధారం. గోర్కీ దాన్ని 1906లో, చాలావరకు అమెరికాలో ఉండగా రాశాడు. మన దగ్గర తరతరాల కార్యకర్తలు దాన్ని దాదాపు పాఠ్యపుస్తకంలా చదివారు. 'అమ్మ' అనగానే త్యాగం, కన్నీళ్ళు, కొడుకు వెనక నడిచిన తల్లి గుర్తుకొస్తాయి. ఒకసారి ఈ నవలను సాహసగాథగా చదివి చూడమంటాను.

నిలోవ్నాకి నలభై ఏళ్ళు. మొగుడి దెబ్బల గుర్తు ఆమె కనుబొమ మీద మచ్చగా మిగిలింది. కొడుకు పావెల్ మొదటిసారి జైలుకి పోయినప్పుడు, ఫ్యాక్టరీలో తిండి అమ్మే మనిషికి సాయంగా చేరి, కరపత్రాలు ఒంటి మీద దాచుకుని కాపలావాళ్ళ ముందునుంచే లోపలికి తీసుకెళ్తుంది. యాత్రికురాలి వేషంలో సోఫియాతో కలిసి పల్లెలకు పుస్తకాలు మోస్తుంది. ఎవరూ చూడకుండా అక్షరాలు కూడబలుక్కుంటుంది. చివరికి రైల్వే స్టేషన్లో, కొడుకు కోర్టులో చేసిన ప్రసంగం ప్రతులున్న పెట్టెతో పట్టుబడి, పారిపోకుండా వాటిని జనంలోకి విసురుతుంది. భవిష్యత్తు ఏమవుతుందో ఆమెకు తెలియదు. పొపదాంత్సీ వీరుడికి అన్నీ తెలుసు కనుక అతనికి ధైర్యం అక్కర్లేదు. నిలోవ్నాకి కావాలి.

సికింద్రాబాద్‌లో డిగ్రీ అమ్మాయిలతో ఈ నవల చదువుతుంటే ఒకమ్మాయి అడిగింది: "మేడమ్, వాళ్ళాయన బతికుంటే ఈ నవల ఉండేదా?" పాస్‌పోర్టు చట్టం తెలిశాక ఆ ప్రశ్న బరువు ఇంకా పెరిగింది. మిఖైల్ వ్లాసొవ్ నవల మొదట్లోనే చచ్చిపోతాడు. విధవ కాబట్టే ఆమె ఇల్లు కదలగలిగింది. కొట్టే భర్తను ఎదిరించి ఉద్యమంలోకి వచ్చే స్త్రీని గోర్కీ కథకి కేంద్రం చేయలేదు. ఆ భర్తను చంపేసి దారి సుగమం చేశాడు. ఇంటి లోపలి యుద్ధం అలా తప్పిపోయింది.

ఇంకొకటి. ఆమె పేరు పెలగేయా నిలోవ్నా. కానీ కథనమంతటా రచయిత ఆమెను 'తల్లి' అనే అంటాడు. అక్షరాలు నేర్చుకున్నా, పోలీసుల కళ్ళు గప్పినా, జనం ముందు మాట్లాడినా ఆమె తల్లే. తెలుగులోకి వచ్చేసరికి ఈ పేరు మరింత పవిత్రమైపోయింది. మనకి అమ్మ అంటే కన్నతల్లీ, గ్రామదేవతా కూడా. పెలగేయా మరీ మరుగున పడింది. ఇక పావెల్‌ని ప్రేమించిన సాషా సంగతి. మనిషి దారికి అడ్డొచ్చే ప్రేమ ఉంటుందని పావెల్ నమ్మకం. సాషా కూడా జైళ్ళకి పోయిన మనిషే. అయినా దారి అతనిది, అడ్డు ఆమెది!

ఈ మాటలు మనకు కొత్తవి కావు. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. వేషాలు మార్చి కబుర్లు మోసినవాళ్ళు, రహస్య స్థావరాలు నడిపినవాళ్ళు, తుపాకి పట్టినవాళ్ళు అందులో మాట్లాడారు. అందరూ నిలోవ్నాలే. తేడా ఏమిటంటే నిలోవ్నా కథ స్టేషన్లో ఆగిపోయింది, వీళ్ళ కథ ఆగలేదు. 1951లో పోరాటం విరమించాక ఇంటికి పోయి సంసారాలు చూసుకోమన్నారన్న బాధ ఆ గొంతుల్లో వినిపిస్తుంది. అడవిలో పసిబిడ్డను వేరేవాళ్ళ చేతుల్లో పెట్టి పోవలసివచ్చిన కమలమ్మ మాటలు చదివాక 'అమ్మ' అనే శీర్షికను మునుపటిలా చదవలేం. అక్కడ తల్లితనం ఉద్యమానికి అలంకారం కాదు, ఉద్యమం ఆమె చేత కట్టించుకున్న మూల్యం.

గోర్కీ నవలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. చదువురాని, దెబ్బలు తిన్న నడివయసు స్త్రీని నవలకి ఇరుసు చేసిన పుస్తకం అది. ఆ స్థానంలో ఇంజనీర్లనీ సైనికులనీ కూర్చోబెట్టి, సామ్రాజ్యాన్ని కాపాడమంటున్న నవలల కాలంలో దాని విలువ ఇంకా పెరిగింది. ఎవరి కోసం ఆ సామ్రాజ్యం? అందులో పెలగేయా కనుబొమ మీది మచ్చ ఏమవుతుంది? గతాన్ని కాపాడబోయేవాడికి ఈ ప్రశ్న తట్టదు. ఆ గతం అతన్ని కొట్టలేదు.

కాబట్టి 'అమ్మ'ను మన తరగతి గదుల్లో, మన సమావేశాల్లో ఒంటరిగా చదవొద్దు. పక్కన 'మనకు తెలియని మన చరిత్ర'ని పెట్టుకుని చదువుదాం. మొదటి పుస్తకం స్టేషన్లో ఆపేసిన చోటునుంచి రెండోది మొదలవుతుంది. మర్నాడు ఆ ఆడవాళ్ళు ఎక్కడికి వెళ్ళారు, ఎవరు రానిచ్చారు, ఎవరు వెళ్ళిపొమ్మన్నారు అని అది అడుగుతుంది.