ఒకటి తీసేస్తే వచ్చే ప్రశ్న

కడప జిల్లా కల్లూరులో 1907లో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మ గారికి పుట్టుకతోనే చూపు లేదు. ఆయన గణితావధానం మాత్రం దేశమంతా తెలుసు. హైదరాబాద్ సభలో 2 ఘాతం 103 ఎంతని అడిగితే 32 అంకెల జవాబు నోటితోనే చెప్పారని నేటికీ చెప్పుకుంటారు. ఆ జవాబులోంచి ఒకటి తీసేస్తే మిగిలేది ప్రధాన సంఖ్యేనా? ఈ ప్రశ్న ముందు వేగం ఒక్కటే చాలదు. 103 ప్రధాన సంఖ్యే, ఇది మాత్రం కాదు. 2550183799తో భాగిస్తే శేషం మిగలదు. ఘాతాన్ని 107 చేస్తే ప్రధాన సంఖ్యే వస్తుంది. లెక్క చేయడం వేరు, తేల్చడం వేరు. మన బడులు మొదటిదానికే చప్పట్లు కొడుతున్నాయన్నదే నా బాధ.

ఇంత పెద్ద సంఖ్యను చిన్నవాటన్నిటితో భాగిస్తూ పోతే జన్మ చాలదు. ఫ్రాన్స్‌లో ఎడ్వార్డ్ లూకా 1870లలో ఇలాంటి సంఖ్యలకు ఒక దారి చూపారు. 1930లో అమెరికాలో లెమర్ దాన్ని చక్కదిద్దారు. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసేసి, మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఘాతం కన్నా రెండు తక్కువ సార్లు ఇలా చేయాలి. 31 అంటే 2 ఘాతం 5లోంచి ఒకటి తక్కువ, కాబట్టి మూడుసార్లు: మొదట 14, తర్వాత 194, దాని శేషం 8, 8 వర్గంలోంచి 2 పోతే 62, శేషం సున్నా. సున్నా వస్తే ప్రధాన సంఖ్యే, తిరుగులేదు. 2 ఘాతం 11లోంచి ఒకటి తక్కువైన 2047కి తొమ్మిదిసార్లు చేశాక 1736 మిగులుతుంది. 2047 కారణాంకాలు 23, 89 అని తెలియకముందే అది విడిపోయే సంఖ్యని తేలిపోయింది! నన్ను కట్టిపడేసేది ఇదే. 2024 అక్టోబరులో దొరికిన 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్యనూ చివరికి ఈ పద్ధతితోనే నిర్ధారించారు.

ఇది కూడు పెడుతుందా అంటారు. నాలుగు కోట్ల అంకెల సంఖ్య ఏ తాళానికీ అక్కర్లేదు, ఒప్పుకుంటాను. కానీ ఇంటర్నెట్‌లో చాలాకాలంగా వాడుతున్న, సమాచారాన్ని రహస్యంగా ఉంచే ఆరెస్సే (RSA) తాళం నిలబడ్డది ఈ తేడా మీదే: వందల అంకెల సంఖ్య ప్రధానమో కాదో తేల్చడం సులువు, అలాంటి రెండు ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని విడగొట్టడం మహా కష్టం. కంప్యూటర్ ఉండగా మనకెందుకనీ అంటారు. 39 అంకెల 2 ఘాతం 127 మైనస్ ఒకటిని లూకా 1876లో చేతి లెక్కతోనే తేల్చారు. ఇక మూడోది, ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో బడిపిల్లలకు అందదన్న మాట. నిజమే, అందదు. అయితే అది పనిచేయడం కళ్లారా చూస్తేనే గదా ఎందుకని అడగాలనిపించేది! తెలంగాణలోని చర్ల, దుమ్ముగూడెం అడవిపల్లెల ఆశ్రమ పాఠశాలల్లో దీనికి ల్యాబు అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. వర్గం, భాగహారం వచ్చిన పిల్లలకు 2 ఘాతం 7లోంచి ఒకటి తక్కువైన 127 ఇవ్వండి. 14, 67, 42, 111 దాకా బోర్డు మీద మీరు చేసి చూపండి. ఐదోది వాళ్లనే చేయనివ్వండి.