చివరి పేజీలో మనం

చిన్న సాహిత్య పత్రిక చేతికందితే మేము చివరి పేజీ నుంచి చదవడం మొదలుపెడతాం. కథలు, కవితలు తర్వాత. ముందు 'సాహిత్య వార్తలు' చూస్తాం. మనవాళ్ల పుస్తకం ఏదైనా వచ్చిందా, మన తండా పేరు ఎక్కడన్నా అచ్చయిందా అని వెతుకుతాం. నర్మెట్ట లాంటి చోటికి ఇలాంటి పత్రికలు పోస్టులో రావాలి, లేదంటే హనుమకొండకో హైదరాబాదుకో పోయినవాళ్లు సంచిలో పెట్టుకొని తేవాలి. వచ్చిన ఒక్క ప్రతి పదిమంది చేతులు మారుతుంది. అంత దూరం నడిచి వచ్చిన కాగితం కాబట్టి అందులో ఏముందో, ఏం లేదో గట్టిగా అడిగే హక్కు మనకుంది.

ఆ పేజీలో వార్త దాదాపు ఒకే అచ్చులో ఉంటుంది. ఫలానా తేదీన, ఫలానా హాలులో, ఫలానా గిరిజన కవి పుస్తకాన్ని ఫలానా వారు ఆవిష్కరించారు. అధ్యక్షత ఎవరు, ముఖ్య అతిథి ఎవరు, విశిష్ట అతిథి ఎవరు, ఆత్మీయ అతిథి ఎవరు, వందన సమర్పణ ఎవరు. పైన ఒక ఫొటో. ఎనిమిది మంది పుస్తకాన్ని ఛాతీకి ఆనించుకొని నిలబడతారు. రాసినవాడు ఒక చివరన సగమే కనబడతాడు. పుస్తకంలో ఏముందో ఒక్క వాక్యం ఉండదు. వెల ఎంతో, ఎక్కడ దొరుకుతుందో ఉండదు. ఆ వార్త చదివిన మన పిల్లవాడికి వేదిక మీద ఎవరెవరు కూర్చున్నారో తెలుస్తుంది గాని, పుస్తకం మాత్రం చేతికి రాదు.

ఇది చిన్న సంగతి అని కొందరంటారు. మేము అట్లా అనుకోవడం లేదు. రేపు మన సాహిత్య చరిత్ర రాసేవాళ్లు ఈ చివరి పేజీలనే తిరగేస్తారు. అక్కడ లేనిది జరగలేదనే రాస్తారు.

ఈ ప్రాంతానికి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర లేదు. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఇనుగుర్తి నుంచి 1922లో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు 'తెనుగు' అనే వారపత్రికను నడిపారు. నిజాం పాలన, ఉర్దూ ఏలుబడి, రోడ్లు సరిగా లేని ఊరు. అయినా ఊళ్లోనే అచ్చుయంత్రం పెట్టుకున్నారు. ఆ తర్వాత 1934లో సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు ఆయన కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. 354 మంది కవులను వెతికి, పోగుచేసి, అచ్చువేసి ముందు పెట్టారు. నిందకు జవాబుగా లెక్క చూపించారు. తెలంగాణ సాహిత్యం గురించి ఎవరు మాట్లాడినా ఇవాళ్టికీ ఆ సంచిక పేరు తలుచుకోక తప్పదు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. మన ఢాడీలు తరతరాలుగా వంశాల కథలు పాడుతూ వచ్చారు. కోయ డోలీలు పడిగె పరిచి, దాని మీది బొమ్మలు చూపుతూ వేల్పుల కథలు చెబుతూ వచ్చారు. తెలంగాణ సాయుధ పోరాటంలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ప్రాణమిచ్చిన జాటోతు ఠానూనాయక్ మన జనగామ ప్రాంతం ధర్మాపురం తండా మనిషి. అదే పోరాటంలోని చాకలి ఐలమ్మ పేరు, దొడ్డి కొమరయ్య పేరు బడిపిల్లలకు తెలుసు. ఠానూ పేరు చెప్పమంటే మన తండా పిల్లలే తడుముకుంటారు. ఆయన త్యాగం తక్కువై కాదు. ఆయన గురించి చెప్పుకున్నది చాలావరకు నోటిమీదే ఉండిపోయింది. తండా పెద్దమనిషి పోతే ఆయన నోటిలోని కథ కూడా పోతుంది.

ఇక భాష సంగతి. 2011 జనాభా లెక్కల్లో లమాణీ/లంబాడీ మా మాతృభాష అని చెప్పినవాళ్లు దేశంలో 32 లక్షలకు పైనే. కాని ఆ లెక్కను హిందీ కింద చేర్చారు. మనం ఇంట్లో యాడి అని పిలిచే మనిషి, లెక్కల పుస్తకంలో హిందీ మాట్లాడే మనిషి అయింది. సంతాలీ వాళ్లను చూడండి. రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికీ లిపి తయారుచేశారు. ఆ లిపి చుట్టూ బడులు, పుస్తకాలు, పత్రికలు పెరిగాయి. 2003లో 92వ రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదో షెడ్యూలుకు ఎక్కింది. మధ్యలో గడిచిన ఆ ముప్పావు శతాబ్దం నిండా చిన్న చిన్న అచ్చుపనులు చేసిన మనుషులున్నారు.

మనలోనూ ఆ పని మొదలైంది. రమేశ్ కార్తీక్ నాయక్ తన పుస్తకాలకు పెట్టుకున్న పేర్లు చూడండి. 'బల్దేర్ బండి', 'ఢావ్లో'. ఆచార్య సూర్యాధనంజయ్‌తో కలిసి తెచ్చిన బంజారా కథల సంకలనం పేరు 'కేసులా'. ఎద్దుల బండి, ఏడుపు పాట, మోదుగుపూలు. మూడూ తెలుగు పుస్తకాలే, మూడింటి అట్టమీదా గోర్ మాటే. తెలుగు పాఠకుడికి అర్థం కాదేమో అని భయపడి పేరు మార్చలేదు. అర్థం కాకపోతే అడిగి తెలుసుకోమని పాఠకుడికే పని పెట్టారు. 'ఢావ్లో'కు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. అప్పుడు మేము చూసిన వార్తల్లో ఎక్కువ భాగం 'గిరిజన యువకుడికి పురస్కారం' అన్నంతవరకే ఆగాయి. కథల దాకా పోలేదు. మనిషిని మెచ్చుకున్నారు, పుస్తకాన్ని చదవలేదు.

అన్ని పత్రికలూ ఆ గోర్ మాటను అట్టమీద, లోపలా ఉండనివ్వవు. మాలో ఒకరు ఒక పత్రికకు కథ పంపారు. అచ్చయి వచ్చేసరికి యాడి అమ్మయింది, నసాబ్ పంచాయితీ అయింది, బాటి జొన్నరొట్టె అయింది. సంపాదకులు మంచి మనసుతోనే దిద్దారు. కాని నసాబ్ వేరు, పంచాయితీ వేరు. నసాబ్‌లో నాయక్ ఎట్లా మాట్లాడతాడు, కార్‌భారి ఎప్పుడు నోరు విప్పుతాడు అన్నదాని మీదే ఆ కథ నిలబడింది. మాట మారేసరికి కథకు కాళ్లు లేకుండా పోయాయి.

తప్పంతా అవతలివాళ్లదే అని చేతులు దులుపుకోలేం. మనవాళ్లలో కొందరు గోర్ మాటలను నగల్లా తగిలిస్తున్నారు. మొదటి పేరాలోనే ఫేటియా, కాంచళి, టుక్రి అని వరుసగా పెట్టేసి, ఆ తర్వాత కథంతా బడిపుస్తకం తెలుగులో నడుపుతారు. ఆ బట్టలు వేసుకున్న ఆడమనిషి ఏం కోరుకుంటున్నదో, ఎవరిమీద కోపంగా ఉన్నదో చివరిదాకా తెలియదు. అది మ్యూజియంలో అద్దం వెనక పెట్టిన బొమ్మ. మాట కథలో పని చేయాలి. పని లేని మాట ఎంత మనదైనా తీసెయ్యాల్సిందే.

ఇంతకన్నా పెద్ద జబ్బు ఒకటుంది. అది పొగడ్త. గిరిజనుడు రాసిన దేన్నయినా 'మట్టివాసన', 'అడవి గొంతు', 'స్వచ్ఛమైన కవిత్వం' అనే మూడు మాటలతో సరిపెడుతున్నారు. బయటి విమర్శకులు జాలితో అంటారు, మనవాళ్లు మొహమాటంతో అంటారు. మాకు తెలిసిన ఒక అమ్మాయి, ఇంటర్ చదువుతున్నప్పుడు ఒక కథ రాసింది. పత్రికలో వచ్చింది. అందరం 'మస్తుగ రాసినవు బిడ్డా' అన్నాం. కథ ముగింపు కుదరలేదని మాలో చాలామందికి తెలుసు. ఎవ్వరమూ చెప్పలేదు. రెండో కథకు ఆ అమ్మాయి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయింది. ఇప్పటిదాకా మళ్లీ రాయలేదు. మంచి మాట అనుకొని మేము చేసిన పని అది. ఆ తప్పు మాది.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. 'గిరిజన సంచిక' అని వచ్చేవాటిలో మేము చూసినవి తెరిస్తే ఎక్కువగా లంబాడా రచనలే కనబడ్డాయి. కొత్తగూడ, గంగారం, బయ్యారం కోయగూడేల నుంచి, పలిమెల వైపు నుంచి రాసినవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక చేతి వేళ్లు చాలు. రిజర్వేషన్ల మీద లంబాడాలకు, ఆదివాసులకు మధ్య ఉన్న వివాదం మనందరికీ తెలుసు. అది తేలే చోటు వేరు. కాని ఆ కోపంతో ఒకరి కథ ఒకరం చదవడం మానేస్తే, ఇద్దరినీ చదవనివాళ్లకే లాభం. తెలంగాణలో కవులు లేరన్నవాళ్ల మీద మనం కోపం తెచ్చుకుంటాం. కోయలో రాసేవాళ్లు లేరని మనమే అనుకుంటే, ఆ మాట అన్నది ఇప్పుడు మనమవుతాం.

2018 పంచాయతీరాజ్ చట్టంతో అయిదువందల జనాభా దాటిన తండాలు గ్రామపంచాయతీలయ్యాయి. తండాకు సర్పంచు వచ్చాడు, కార్యాలయం వచ్చింది, రిజిస్టరు వచ్చింది. పుట్టినవాళ్ల పేర్లూ చనిపోయినవాళ్ల పేర్లూ దాంట్లో ఎక్కుతున్నాయి. పాటలు ఎక్కే రిజిస్టరు మాత్రం లేదు. చిన్న పత్రిక చివరి పేజీ ఆ పని చేయొచ్చు.

తండాబడుల్లో, ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే సార్లను, టీచరమ్మలను మేము అడిగేది పెద్ద పనేం కాదు. శ్రావణంలో తీజ్ వస్తుంది. ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు, పాడతారు. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్కో పిల్ల ఇంట్లో యాడి దగ్గర ఒక పాట విని, తనకు వచ్చిన అక్షరాల్లో రాసుకు రానివ్వండి. తప్పులు దిద్దకండి. ఎవరు పాడారో, ఏ తండానో, ఆమెకు ఎవరు నేర్పారో కింద రాయించండి. కోయగూడెంలో అయితే కొలుపు రోజుల్లో అదే పని.

రాసే పిల్లలకు ఒక మాట. మీ కథ అచ్చయితే 'బాగుంది' అన్నవాళ్లకు దండం పెట్టి, 'ఎక్కడ బాగాలేదు అన్నా?' అని ఇంకొకరిని అడగండి. చెప్పినవాళ్లను గుర్తుపెట్టుకోండి. ఆవిష్కరణ సభ జరిగితే వార్త మీరే రాసి పంపండి. అతిథుల పేర్లు ఒక్క వరుసలో చాలు. మిగతా జాగాలో పుస్తకంలో ఏముంది, వెల ఎంత, ఎక్కడ దొరుకుతుంది అని రాయండి. ఫొటోలో రాసిన మనిషిని నడుమ నిలబెట్టండి.

వచ్చే సంచిక చివరి పేజీలో మేము చదవాలనుకుంటున్న వార్త ఇట్లా ఉంటుంది. నర్మెట్ట మండలంలో ఒక తండాలో తీజ్ పాటలు పాడే పెద్దావిడ ఈ నెల చనిపోయింది. ఆమె పేరు, తండా, వయసు. ఆమెకు ఎన్ని పాటలు వచ్చో, వాటిలో ఎన్ని బడిపిల్లలు రాసుకున్నారో. మిగిలినవి ఎవరికైనా వస్తే, రాసి పత్రికకు పంపమని ఒక విన్నపం.