రాజభాషయు, ఇంటి దుబాసీయు

2025వ సంవత్సరము మార్చి 1వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రముల అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 14224వ సంఖ్యగల ఉత్తరువుచే ఇంగ్లీషును ఆ దేశమునకు రాజభాషగా ప్రకటించెను. 1776 మొదలు ఆనాటివరకు అచటి కేంద్రప్రభుత్వమునకు రాజభాష యనునది నిర్ణయింపబడలేదు. ముప్పదికి మించిన రాష్ట్రములు మాత్రము తమ పరిధిలో ఇంగ్లీషునకు ఆ స్థానమిచ్చియుండెను. మన తెలుగువారు లక్షలకొలది అచట కాపురముండుటచేత, ఈ ఉత్తరువు గుణదోషములను విచారించుట మనకు పరులజోలి కాదు.

మొదట గుణమును జెప్పుదము. దేశమంతటికి ఒక భాష యున్నచో జనులలో ఐకమత్యము కలుగుననియు, ఇంగ్లీషు నేర్చినవారికి జీవనోపాధి సులభమగుననియు ఇందు చెప్పబడినది. రెండవ మాటను మేము కాదనము. పరదేశమున స్థిరపడదలచినవాడు ఆ దేశభాషను నేర్వకుండుట అవివేకము. సర్కారు దస్త్రములు ఒక్క భాషలో నుండుటయు పరిపాలనకు సౌకర్యమే. అంతియకాక, ఇతరభాషలలో ఇదివరకు జరుగుచున్న సేవలను మానవలెనని ఈ ఉత్తరువు ఎవ్వరిని నిర్బంధింపలేదు. ఆ నిర్ణయమును ఆయా శాఖాధిపతులకే విడిచినది. ఈ సంగతిని దాచి దీనిని దూషించుట న్యాయము కాదు.

అయినను దీని దోషము ఆచోటనే యున్నది. 2000వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన అధ్యక్షుడు క్లింటన్ 13166వ ఉత్తరువును గావించెను. ఇంగ్లీషు చాలినంత రానివారికిగూడ సర్కారు సేవలు అందునట్లు ప్రతి శాఖయు ఏర్పాటు చేయవలెనని దాని సారాంశము. క్రొత్త ఉత్తరువు దానిని రద్దుచేసినది. నిన్నటివరకు విధిగా నున్నది నేడు అధికారి దయగా మారినది. ఆ జూలైలోనే న్యాయశాఖ, అత్యవసరము కాని బహుభాషాసేవలను తగ్గించుకొనుడని ఇతరశాఖలకు వ్రాసెను. ఆ దయ యెంతటిదో ఆరు నెలలైనను నిండకమునుపే తెలిసినది.

న్యాయస్థానము లున్నవి గదా యని కొందరందురు. 1964 నాటి పౌరహక్కుల చట్టము, సర్కారు ధనము పొందు సంస్థలలో పుట్టిన దేశమునుబట్టి భేదము చూపరాదన్నది. 1974లో సుప్రీముకోర్టు సాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనా బాలుర పక్షమున తీర్పు చెప్పుచు, అర్థముకాని భాషలో పాఠము చెప్పి యూరకుండుట విద్య నిచ్చినట్లు కాదని భావించెను. కాని 2001లో ఆ కోర్టే వేరొక దారి పట్టెను. అలబామా రాష్ట్రమున మోటారు లైసెన్సు పరీక్షను ఇంగ్లీషులో మాత్రమే జరుపుటపై ఒక స్త్రీ వ్యాజ్యము వేయగా, బుద్ధిపూర్వకమైన భేదము కానిచో అట్టి నిబంధనల నాధారము చేసికొని సామాన్యులు దావా వేయజాలరని తీర్మానించెను. ఆ పిమ్మట, బీదవాడు కోర్టుకెక్కకయే శాఖలచే పని చేయించుచుండిన సాధనములలో క్లింటన్ ఉత్తరువు ముఖ్యమైనది. ఇప్పుడు తీసివేయబడినది అదియే.

ఇక గృహములోనికి వత్తము. సర్కారు దుబాసీ లేనిచోట దుబాసీ యగునది యెవరు? ఇంటిలోని బిడ్డ. తల్లి గర్భకోశవ్యాధిని పదియేండ్ల బాలిక వైద్యునికి చెప్పవలసివచ్చును. తల్లి సిగ్గుచే సగము దాచును. బిడ్డ తెలియక సగము విడుచును. మిగిలినదానికే వైద్యుడు మందిచ్చును. ఈ యనర్థమునకు అడ్డుగా 2016 నాటి వైద్యనిబంధనలు, ఆపత్సమయమున తప్ప పిల్లలను దుబాసీలుగా వాడరాదని కట్టడిచేసెను. మరియు, భర్తచే దెబ్బలు తిన్న స్త్రీ పోలీసులను పిలిచినప్పుడు ఆమె మాటను వారికి తెలుపువాడు ఆ భర్తయే యైనచో, ఆమెకు రక్షణ యెక్కడిది? కుమారుని చెంత నుండుటకై యరువదవయేట విమానమెక్కిన తల్లికి ఇంగ్లీషు నేర్పుట మంచిదే. కాని వ్యాకరణము ముగియువరకు జ్వరము ఆగదు.

పరులను విమర్శించునప్పుడు మన యింటినిగూడ చూచుకొనవలెను. 1966లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తెలుగును రాజభాషగా జేసెను. అయినను రాజ్యాంగము 348వ అధికరణము ననుసరించి హైకోర్టు వ్యవహారము ఇంగ్లీషుననే సాగుచున్నది. తన పొలమునుగూర్చిన తీర్పును చదువలేక వకీలు ముఖము జూచు రైతు మన యూళ్ళలోను గలడు. మన్యమున సవరలకును, కోయలకును తెలుగు కాగితమిచ్చి వ్రేలిముద్ర వేయుమనెడి మనము అమెరికాను ఏ నోటితో నిందింపగలము?

ఏ ప్రభుత్వమైనను తన దస్త్రములకు తనకు నచ్చిన భాషను పెట్టుకొనవచ్చును. రోగికి మందు సంగతియు, ముద్దాయికి నేరారోపణయు, బాధితురాలికి రక్షణమార్గమును అర్థమగు భాషలో తెలుపుట మాత్రము అధికారి ఇచ్చకు విడువక, చట్టములో వ్రాసి యుంచవలెను. అచటి మన బంధువులకు మనము కోరునది ఇదియే. ఇచటి మన్యమువారికి మనము బాకీపడినదియు ఇదియే.