పుస్తకం పెట్టెలోనే ఉంది

ఈశాన్య రుతుపవనాల కాలంలో మా మైపాడు వైపు వాయుగుండం కబురు వచ్చిందంటే ముందు కరెంటు పోతుంది, ఆ వెనకే ఫోన్లలో సిగ్నల్ పోతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నెల్లూరు తీరాన్ని ఒరుసుకుంటూ వెళ్లి బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో కూడా చదువు ఆగకూడదనే పాత ల్యాప్‌టాప్‌లో ఓపెన్‌బీఎస్‌డీ వేసుకున్నాను. థియో డి రాట్ 1995లో మొదలుపెట్టిన ఆపరేటింగ్ సిస్టమ్ ఇది. మాన్యువల్ మొత్తం యంత్రంలోనే ఉంటుంది. బ్యాటరీలో చార్జింగ్ ఉంటే చాలు, నెట్ అక్కర్లేదు.

మొదటిసారి లాగిన్ కాగానే మెయిల్ వచ్చిందని చెబుతుంది. తెరిస్తే థియో పేరుతో స్వాగతం, 'ఆఫ్టర్‌బూట్' పేజీ చదవమని సలహా. కొత్తవాడు మొదట ఏమేం సరిచూసుకోవాలో ఆ పేజీ వరసగా చెబుతుంది. నెట్‌వర్క్ కార్డు పేరు 'ఆర్‌ఈ0' అని తెరమీద కనబడిందనుకోండి. మాన్యువల్ పేజీలు తెరిచే 'మాన్' ఆదేశంతో 'మాన్ ఆర్‌ఈ' అని కొడితే అది రియల్‌టెక్ చిప్‌లను నడిపే డ్రైవరని, ఏయే కార్డులతో పనిచేస్తుందో కూడా తెలుస్తుంది. కంటికి కనబడ్డ పేరే చదవాల్సిన పేజీ పేరు కావడం నాకు ఎంతగా నచ్చిందో చెప్పలేను.

చదివింది చేసి చూడాలి. అందుకూ దారి ఉంది. ఫైర్‌వాల్ నియమాలు మార్చి, 'పీఎఫ్‌సీటీఎల్' ఆదేశానికి మైనస్ ఎన్ తగిలిస్తే నియమాలను చదివి తప్పులు చెబుతుంది, అమలు మాత్రం చేయదు. ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉంటే రాత్రి 1:30కి సిస్టమ్ తనను తాను తనిఖీ చేసుకుంటుంది. ముఖ్యమైన సెట్టింగ్ ఫైళ్లలో ఏం మారిందో, పోయిన వరుసకు మైనస్, చేరిన వరుసకు ప్లస్ పెట్టి మెయిల్ పంపుతుంది. మా రొయ్యల గుంటల దగ్గర చెక్ ట్రే పైకెత్తి, మిగిలిన మేత చూశాకే తర్వాతి మేత ఎంత వేయాలో తేలుస్తారు. నేనూ అలాగే ఒక్క మార్పు చేసి, పొద్దున మెయిల్ చూశాకే రెండోదానికి పోతాను.

ఇలా మాన్యువల్ పేజీలు రాసే పద్ధతికి మూలం 1971 నవంబరు 3 నాటి యూనిక్స్ మాన్యువల్. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తయారుచేసింది. ఆదేశం ఏం చేస్తుందో చెప్పాక 'బగ్స్' అని ఒక శీర్షిక, దాని కింద ఆ ప్రోగ్రాము లోపాలు. 'ఓనర్' అని ఇంకొకటి, ఎవరిని అడగాలో చెప్పడానికి. తన పనిలోని లోపాన్ని తనే అచ్చువేసి చేతికిచ్చిన మనిషి మాట నమ్మబుద్ధేస్తుంది. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు మాన్యువల్‌లో తప్పును ప్రోగ్రాములో తప్పుగానే చూస్తారు.

మా వీధిలో బీటెక్ చదివే పిల్లాడు అడిగాడు: "ఇంత చదవడం ఎందుకు సార్, యూట్యూబ్‌లో చూస్తే అయిపోద్ది కదా?" వీడియోలో కనబడేది వేరొకరి యంత్రం, ఎప్పటి వెర్షనో. ఓపెన్‌బీఎస్‌డీ ఆరు నెలలకోసారి కొత్తగా వస్తుంది, పేజీలు కూడా దాంతోపాటే మారతాయి. నా యంత్రంలో ఉన్న పేజీ నా యంత్రం గురించే మాట్లాడుతుంది. ఆ మాట చెప్పి ల్యాప్‌టాప్ వాడి ముందు పెట్టాను. 'అప్రోపోస్' అనే ఆదేశంతో వెతకడం చూపించాను. పేరు తెలియకపోయినా, పని గురించి ఒక ముక్క తెలిస్తే చాలు, సంబంధించిన పేజీల పేర్లన్నీ ముందు పెడుతుంది.

వాడికి అడ్డొచ్చింది ఇంగ్లీషు. మెనూలు తెలుగులో చూపించే వ్యవస్థలు మనకున్నాయి. 'స్వేచ్ఛ' అనే సంస్థ వాళ్లు అందుకోసం శ్రమించారు, సీడాక్ సంస్థ వారి బాస్ లినక్స్‌లోనూ తెలుగు ఉంది. కానీ మెనూ నొక్కడం ఎవరైనా అలవాటు చేసుకుంటారు. ఎందుకు నొక్కుతున్నామో చెప్పే పేజీ తెలుగులో ఉండాలి. పోర్టుల్లో, హేచరీల్లో, కాలేజీ ల్యాబుల్లో కంప్యూటర్లు చూసుకునే మన పిల్లలకు ఆ లోటు తీరాలని గట్టిగా కోరుకుంటున్నాను.

'ఆఫ్టర్‌బూట్'ను తెలుగులో రాయడం మొదలుపెట్టాను. ఒక్కో పేరా అయ్యాక ఆ పిల్లాడికి ఇస్తాను. వాడు ఇంగ్లీషు పేజీ ముట్టుకోకుండా, నేను రాసింది చూసి మాత్రమే ఆదేశాలు కొట్టాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ పెన్సిల్‌తో గీత పెడతాడు, నేను ఆ వాక్యం తిరిగి రాస్తాను.