పునీతుల పండుగలు – బాలల చేతిపనులు
(తిరువళ్ళూరు, తిరుత్తణి సీమల తెలుగు కుటుంబములను గూర్చిన యొక విమర్శ)

పండుగకును చేతిపనికిని గల సంబంధము మనకు క్రొత్తది కాదు. వినాయక చవితికి మట్టి పిసికి బొమ్మ చేయు బాలుడును, సంక్రాంతికి గొబ్బెమ్మలు పెట్టు బాలికయు పురాణమును పుస్తకమునుండి కాక చేతివ్రేళ్ళనుండియే ముందుగా నేర్చుకొందురు. కాథలిక్ క్రైస్తవుల యిండ్లలో పునీతుల పండుగలకు బాలలు చేయు నక్షత్రములు, పశులపాకలు, మట్టల సిలువలు ఈ కోవకు చెందినవే. వీనిని అలంకారములుగా చూచి సంతోషించుటయే కాని, అర్థముగల రచనలుగా పరిశీలించుట అరుదు. కావ్యమునకు వలెనే వీనికిని వస్తువు కలదు, రూపము కలదు, అన్నిటికంటె ముఖ్యముగా ఔచిత్యము కలదు. క్షేమేంద్రుడు కావ్యమునకు ప్రాణమని చెప్పిన ఆ ఔచిత్యమే యిచటను కొలబద్ద కాదగును.

ఈ పరిశీలనకు తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములు మిక్కిలి తగినవి. 18వ శతాబ్దమున ఫ్రెంచి జెస్యూటు గురువులు నడపిన కర్ణాటక మిషను తెలుగునేల మీద వ్యాపించెను. పిమ్మట తెలుగు కాథలిక్ కుటుంబములు పలువురు దక్షిణమునకు వలసవచ్చి చెంగల్పట్టు సీమలో స్థిరపడిరి. నేటి తిరువళ్ళూరు జిల్లాలోని కీళచ్చేరి అట్టి గ్రామములలో పేరెన్నికగన్నది. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1 వరకు చిత్తూరు జిల్లా భాగమై, ఆనాడు మద్రాసు రాష్ట్రమున చేరినది. కావున ఒక చోట తెలుగువారు ఎల్ల దాటి వచ్చిరి. మఱియొక చోట ఎల్లయే తెలుగువారిని దాటిపోయినది. ఫలితము మాత్రము రెండింట నొక్కటియే: ఇంటి భాష యొకటి, బడి భాష వేఱొకటి.

ఈ కాథలికుల పూర్వులు పునీతులను తమవారిగా చేసికొన్న విధము వారి పేళ్ళయందే కనబడును. పౌలు అను నామమునకు లాటినున 'చిన్నవాడు' అని యర్థము. అతడు చిన్నప్ప ఆయెను. పేతురు అనగా శిల. అతడు రాయప్ప యనబడగా తెలుగు చెవికి 'రాయి' యన్న మాట తానై వినబడును. జోసెఫు జోజప్ప, ఇగ్నేషియసు ఇన్నాసి, జేవియరు శౌరి అయిరి. శౌరి యనునది విష్ణునామములలో నొకటి యని యెఱిగినవారికి ఈ నామకరణములోని చమత్కారము తెలియకపోదు. పరదేశపు పునీతుడు ఈ నేలకు వచ్చినపుడు ఈ నేల మాటను ధరించి వచ్చెను. చేతిపనికిని ఈ మర్యాదయే వర్తింపవలసి యున్నది.

మేలైన చేతిపనికి మ్రానికొమ్మల ఆదివారపు సిలువను ఉదాహరింపవచ్చును. లేత కొబ్బరి మట్టనుండి ఆకును చీల్చి, మడిచి, ఒకదానిలో నొకటి దూర్చి బాలలు సిలువ నల్లుదురు. అదే చేయి వేసవిలో అదే ఆకుతో బూరయు, చిలుకయు, చేతిగడియారమును అల్లినది. ఆటలో నేర్చిన నేర్పు ఆరాధనలో పనికివచ్చినది. ఆ మట్టలు ఇంట ఎండును. మఱుసటి యేడు వానిని కాల్చిన బూడిదయే విభూది బుధవారమున నొసటి కెక్కును. జయధ్వానములతో మొదలైన వస్తువు పశ్చాత్తాపముతో ముగియుట బాలుడు తన చేతిపనియందే చూచును. ఇంతకంటె చక్కని సత్యోపదేశము దొరకదు.

క్రిస్మసు నక్షత్రమును ఇట్టిదే. వెదురుబద్దలు చీల్చి, రెండు పంచకోణములను కట్టి, నడుమ పుల్లలు నిలిపి, రంగుకాగితము అంటించి, లోపల దీపము పెట్టుటలో గాలిపటపు విద్యయు, కొంత క్షేత్రగణితమును కలవు. అంగడిలో కొన్న ప్లాస్టికు నక్షత్రము దీనికంటె ఎక్కువ వెలుగవచ్చును గాని, దాని వెలుగులో బాలుని పాలు లేదు.

పశులపాక విషయమున విమర్శ కొంత కఠినముగా నుండక తప్పదు. అస్సీసి ఫ్రాన్సిసు 1223లో గ్రెచ్చో గ్రామమున నిజమైన ఎద్దును గాడిదను నిలిపి ఆ దృశ్యమును కల్పించెను. లూకా సువార్తలోని జనన కథయందు ఎద్దు లేదు, గాడిద లేదు. యెషయా ప్రవచనమునుండి, పల్లెవారి పశువులశాలనుండి అవి వచ్చి చేరినవి. అనగా ఈ రూపము పుట్టుకయందే స్థానికమైనది. అట్టి పాక మీద నేడు దూది చల్లి మంచు అనుచున్నారు. సువార్తలో మంచు మాట లేదు. తిరువళ్ళూరున మంచు కురియదు. ఈశాన్య ఋతుపవనమునకు తడిసిన నేల అప్పుడు పచ్చగా నుండును. మూకుడులో రాగులో వడ్లో మొలకెత్తించి పాక ముందు పచ్చికగా నిలిపిన, దూదికంటె అందమగును, సత్యమును అగును. విత్తు నాటి దినదినము నీరు చల్లుచు ఎదురుచూచుటయే ఆగమన కాలపు భావము గదా!

పునీతులు సకల లోకమునకు చెందినవారు, వారి పండుగల ఆచారములును అట్లే యుండవలెనని కొందఱందురు. ఈ వాదమున బలము కలదు. కాని ఆచారము వేఱు, భావము వేఱు. డిసెంబరు 6న వచ్చు నికొలాసు పండుగకు ఐరోపాలో పిల్లల జోళ్ళలో మిఠాయి పెట్టుదురు. గడపవెలుపల జోళ్ళు విడుచు ఇంటిలో అది విడ్డూరమే యగును. అసలు కథలో జోళ్ళు ముఖ్యము కావు: కట్నము లేక పెండ్లిండ్లు నిలిచిన ముగ్గురు కన్యల యింట ఆ పునీతుడు రహస్యముగా మూడు బంగారు మూటలు వేసెను. ఈ కథ మన వీథులకు ఎంత దగ్గఱ! పిల్లలు మూడు చిన్న గుడ్డమూటలు కుట్టి, బియ్యమో పప్పో నింపి, ఇచ్చినవారెవరో తెలియనీయక అవసరమైన యింట నుంచిన, ఆ పండుగ అర్థము పూర్తిగా నెఱవేఱును.

సమీపమున నున్న సంపదను మఱచుట మఱియొక లోపము. తోమా అపొస్తలుని పేర వెలసిన కొండ మద్రాసుననే కలదు. జూలై 3 ఆయన పండుగ. చిత్రములలో ఆయన చేత మూలమట్టము కనబడును. మార్చి 19న జోజప్ప పండుగకు ఉలి, బాడిస, రంపము అట్టముక్కలతో చేయించిన, తెలుగు వడ్రంగి మాటలు పిల్లల నోట నిలుచును. వీనిలో ఉలి తమిళమునకును తెలుగునకును సమానమని వారికి తెలిసిన, రెండు భాషలును బంధువులే యన్న సంగతి పాఠము చెప్పకయే బోధపడును. 2022 మే 15న పునీతుడుగా ప్రకటింపబడిన దేవసహాయము పిళ్ళ పండుగ జనవరి 14న, సంక్రాంతి దినములలో వచ్చును. ఆయన సంకెళ్ళతో చిత్రింపబడును. ఏ యుత్సవమునకైనను తోరణముగా వ్రేలాడదీయు కాగితపు గొలుసు ఆనాడు సంకెలయై అర్థమును పొందును. సెప్టెంబరు 5 మదర్ తెరెసా పండుగ. తిరుత్తణిలో 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణుని జన్మదినమును, ఉపాధ్యాయ దినమును అదియే. తెల్లకాగితమున మూడు నీలపుటంచులు గీసి, దానిమీద గురువునకు తెలుగున నొక వాక్యము వ్రాయించుట తిరుత్తణి బాలునికి ఎంతయు సహజము.

ఈ చివరి మాటయే ఈ విమర్శకు ముఖ్యము. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత అల్పసంఖ్యాక భాషల బడులలో తెలుగు స్థానము సంకుచితమైనది. బడిలో తగ్గిన భాష ఇంటిలో మిగులవలెనన్నచో దానికొక పని యుండవలెను. పనిలేని భాషను పిల్లలు గౌరవింతురేమో గాని వాడరు. అచ్చువేసిన బొమ్మకు రంగు పూయుటకు మాట యక్కఱలేదు. బిడ్డ మౌనముగా కూర్చుండి ముగించును. ఆకు నల్లుటకు, బద్దను చీల్చుటకు, మూటను కట్టుటకు మాత్రము ప్రక్కన నొక పెద్ద కావలెను: 'ఇట్లు మడువు, అట్లు దూర్చు, బిగించి లాగు' అని చెప్పవలెను. ఆ చెప్పుట ఏ భాషలో జరుగునో ఆ భాష బ్రదుకును. ఆ పెద్ద అవ్వయో తాతయో అయినచో అది తెలుగే యగును.

కావున బాలల చేతిపనిని మూడు ప్రశ్నలతో పరీక్షింపవచ్చును. ఇది పునీతుని కథనుండి పుట్టినదా? చేతికందిన ద్రవ్యముతో చేయబడినదా? చేయునపుడు ఇంటిమాట పలికినదా? మూడింటికిని 'ఔను' అన్నది చిన్నదైనను కళ. ఏ యొక్కటికిని 'ఔను' అనలేనిది ఎంత మెఱసినను అంగడి సరకే. ప్రతి వస్తువు వెనుక పునీతుని పేరు, చేసిన బిడ్డ పేరు తెలుగులిపిలో వ్రాయించు చిన్న నియమమును తల్లిదండ్రులును, సత్యోపదేశకులును, తెలుగు బడులును స్వీకరించిన, సంవత్సరమునకు పదిమారులైనను ఆ చేయి తన యక్షరములను దిద్దును. రాయప్పను, చిన్నప్పను మనకిచ్చిన పూర్వులకు తీర్పదగిన ఋణము ఇదియే.